కనెక్షన్ కుదరలేదు

పది రోజులైంది. పెద్దపాలవాగు నుంచి ఒక్క కబురు కూడా రాలేదు.

మిగతా ఇరవై రెండు ఊళ్ళలోనూ సుచరిత రాసిన ప్రోగ్రామే నడుస్తోంది. గోదావరి వెంట, అందులో కలిసే వాగుల వెంట, ఊరికొక చిన్న గది. గదిలో టిఫిను క్యారేజీ అంత పెట్టె. ఆ పెట్టె నీటిమట్టం కొలిచి, పావుగంటకోసారి రాజమండ్రి ఆఫీసుకి పంపిస్తుంది. అన్ని ఊళ్ళ కబుర్లూ ఆఫీసులోని సర్వరులో వచ్చిన వరసనే నిలబడతాయి. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే రేవుల వాళ్ళకి, కలెక్టరాఫీసుకి చేరతాయి. ఆ వరసని చూసుకునే యంత్రాన్ని అందరూ క్యూ సర్వరు అంటారు.

పెట్టెలో నడిచే ప్రోగ్రాంని సుచరిత ఒక్కతే కూర్చుని సీ భాషలో రాసింది. ఆమెకి ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఇరవై రెండు ఊళ్ళలో ఒక్కచోట కూడా అది మొరాయించలేదని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకి బాగానే ఉంది. అంతకంటే ఇంకో సంగతి ఆమెకి ఎక్కువ ఇష్టం. కనెక్షన్ దొరకనప్పుడు ఆ పెట్టె ఇంగ్లీషులో ఏవో నంబర్లు చూపించి జనాన్ని బెదరగొట్టదు. చక్కటి తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, "కనెక్షన్ కుదరలేదు. దయచేసి కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. ఆ వాక్యం ఆమె సొంతంగా కూర్చినది.

ఇప్పుడు పది రోజులుగా పెద్దపాలవాగు పెట్టె ఆ వాక్యం తప్ప ఇంకో ముక్క అనడంలేదు.

అక్కడి మట్టం చూసే మనిషి కారం ముత్తయ్య. పెట్టె రాకముందు ఎలాగో ఇప్పుడూ అలాగే, వాన పడుతుంటే గంటకోసారి పాచి పట్టిన మెట్లు దిగి, స్కేలు మీద నీళ్ళెక్కడున్నాయో చూసి, సిగ్నలు కోసం గుట్టెక్కి ఫోను చేస్తున్నాడు. మొన్న ఆదివారం గుట్ట మీద కూడా సిగ్నలు లేకపోయింది. వాగు ఒక్కసారిగా మీటరు పెరిగిన సంగతి ఎవరికీ తెలియలేదు. దిగువ రేవులో లాంచీ నలభై మందితో బయల్దేరబోయింది. నీళ్ళ రంగు చూసి, లాంచీ నడిపే సరంగుకి అనుమానం వచ్చి, తాడు విప్పొద్దన్నాడు. లేకపోతే ఏమయ్యేదో.

ఆ సంగతి విన్న దగ్గర్నుంచి సుచరితకి అన్నం సయించడంలేదు.

చేయగలిగినవన్నీ చేసింది. అలాంటి పెట్టెనే ఇంకొకటి తెచ్చి, పెద్దపాలవాగు వివరాలన్నీ అందులో పెట్టి, తన బల్ల మీద నడిపించింది. ఇక్కడా అదే మాట. ఒకసారి కుదరకపోతే అయిదుసార్లు ప్రయత్నించేలా మార్చింది. అయిదు చాలక యాభై చేసింది. ఆగే సమయం పెంచింది, తగ్గించింది. మొత్తం నాలుగు వందల లైన్లు కొత్తగా చేరాయి. చివరికి ఒక నిర్ణయానికొచ్చింది. ఇరవై రెండు ఊళ్ళతో సర్వరు నిండిపోయింది, ఇరవై మూడో ఊరిని రానివ్వడంలేదు. తప్పు సర్వరుది. అంటే దాన్ని చూసుకునే వీర్రాజుది.

"రెండొందల ఊళ్ళకి చోటుందండీ సుచరితగారూ, కావాలంటే వచ్చి చూసుకోండి" అన్నాడు వీర్రాజు.

ఆమె వెళ్ళి చూడలేదు. తన గదిలో కూర్చుని పై అధికారికి మూడు పేజీల ఉత్తరం రాసింది. వీర్రాజు సర్వరుని సరిగ్గా చూసుకోవడం లేదనీ, దానివల్ల మనుషుల ప్రాణాల మీదికి వస్తోందనీ. అది పైకి వెళ్ళాలంటే దస్తగిరి మాస్టారి సంతకం ఉండాలి.

దస్తగిరి మాస్టారు ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాక, కుర్రవాళ్ళకి పని నేర్పడానికి ఇక్కడికొచ్చారు. తక్కువ మాట్లాడతారు. సుచరితకి సీ భాష నేర్పింది ఆయనే. ఆమె చేరిన మొదటి నెలలో రోజూ పొద్దున్నే ఒక చిన్న లెక్క కాగితం మీద రాసి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. జవాబు తప్పయితే సాయంత్రం అదే కాగితం మళ్ళీ బల్ల మీద ఉండేది. అంతే, ఇంకేమీ అనేవారు కాదు.

మాస్టారు ఉత్తరం మూడు పేజీలూ నెమ్మదిగా చదివారు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సంతకం, మాస్టారూ" అంది సుచరిత.

"పెడతాన్లేమ్మా. నీ పెట్టె ఒకసారి చూద్దాం పద."

ఇద్దరూ ఆమె బల్ల దగ్గరికొచ్చారు. మాస్టారు ఒక తెల్లకాగితం తీసుకుని, పెన్ను మూత తీసి, పక్క కుర్చీలో కూర్చున్నారు.

"నడిపించు."

నడిపించింది.

"ఏమంది?"

"కనెక్షన్ కుదరలేదు. దయచేసి కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి."

మాస్టారు ఆ వాక్యాన్ని పొల్లు పోకుండా కాగితం మీద రాసుకున్నారు. తర్వాత వంగి, పెట్టె వెనక నెట్‌వర్క్ వైరు ఊడబెరికారు.

"మళ్ళీ నడిపించు."

"వైరు లేకుండానా?"

"ఊఁ."

నడిపించింది.

"ఏమంది?"

"అదే, మాస్టారూ."

"చదువమ్మా."

ఆమె చదివింది. ఆయన మొదటి వాక్యం కింద మళ్ళీ అదే వాక్యం రాశారు. ఆయనది తొందరలేని చేతిరాత. ఒక్కో అక్షరానికీ తలకట్టు విడిగా పెడతారు. ఆయన రాసేదాకా ఆమె ఓపిక పట్టి కూర్చుంది.

వైరు తిరిగి పెట్టారు. "సర్వరు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టు" అన్నారు.

కొట్టింది. నడిపించింది. అడక్కముందే చదివింది. ఆయన మూడోసారి రాశారు.

"అది సరిచేసి, లోపలికెళ్ళే దారి పేరు తప్పు కొట్టు."

సర్వరులోకి వెళ్ళడానికి ఒక్కో దారికీ ఒక పేరుంటుంది. ఆమె ఆ పేరు మార్చింది. నడిపించింది. తెర మీద మళ్ళీ గుండ్రటి అక్షరాలొచ్చాయి. ఈసారి చదువుతుంటే ఆమె గొంతు కాస్త తగ్గింది. వాక్యం సగంలో ఆగింది.

మాస్టారు నాలుగోసారి కూడా వాక్యం మొత్తం రాశారు. కాగితం ఆమె ముందుకి జరిపారు. ఒకదాని కింద ఒకటి, నాలుగు సార్లు అదే మాట.

"వీటిలో పెద్దపాలవాగుది ఏదమ్మా?" అని అడిగారు.

మాస్టారు పెన్ను మూత పెట్టుకుని, లేచి, తన గదికి వెళ్ళిపోయారు.

చాలాసేపటికి ఆమె ప్రోగ్రాం తెరిచింది. కొత్తగా చేర్చిన నాలుగు వందల లైన్ల దగ్గర కాదు, మొట్టమొదటి రోజు రాసిన చోట. కనెక్షన్ అడిగిన ప్రతిసారీ రెండు జవాబులొస్తాయి. అయిందా, కాలేదా అన్నది ఒకటి. కాకపోతే ఎందుకు కాలేదో చెప్పే నంబరు రెండోది. ఆ రెండోదానికి ఆమె ఒక పేరు పెట్టింది, చోటు కేటాయించింది. పది రోజులుగా, ప్రయత్నించిన ప్రతిసారీ, కారణం వచ్చి ఆ చోట కూర్చుంటోంది. ప్రోగ్రాం మొత్తంలో దాన్ని చదివే లైను ఒక్కటి కూడా లేదు.

ఒక లైను చేర్చింది. నంబరు చూపించమని.

ముందు మాస్టారు చేయించినవే మళ్ళీ చేసింది. వైరు తీస్తే ఒక నంబరు. సర్వరు పేరు తప్పయితే ఇంకొకటి. దారి పేరు తప్పయితే వేరొకటి. అన్నీ సరిచేసి పెద్దపాలవాగు వివరాలతో నడిపిస్తే, రెండు వేల ముప్ఫై అయిదు.

సర్వరుతో పాటు వచ్చిన పుస్తకం తీసి చూసింది. ఆ నంబరుకి ఎదురుగా చిన్న అర్థమే ఉంది. ఈ పేరుగల మనిషికి లోపలికి అనుమతి లేదు.

సర్వరులో చోటు గురించి అందులో ఒక్క మాట లేదు.

ఆమె లేచి వీర్రాజు గదికి వెళ్ళింది. పది రోజుల్లో ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

"వీర్రాజుగారూ, పెద్దపాలవాగు లోపలికి రావడానికి ప్రయత్నించినప్పుడు మీ వైపు ఏం రాసుకుంటోందో ఒకసారి చూపిస్తారా?"

వీర్రాజు ఆమె ముఖం వైపు చూశాడు. ఇంకో కుర్చీ లాగి వేశాడు. సర్వరు రాసుకున్న దినచర్య తెరిచాడు. తెర నిండా, పేజీల కొద్దీ, ఒకే పేరుని తిరస్కరించినట్టుంది.

"పెద్దపాలవాగ్" అని చదివాడు వీర్రాజు. "చివర ఏదో తెగినట్టుందేమిటండీ?"

ఇద్దరూ వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టారు. ఇంగ్లీషులో ఆ ఊరి పేరు పదమూడు అక్షరాలు. సర్వరు లోపలికొచ్చేవాళ్ళ పేర్లలో పన్నెండే తీసుకుంటుంది. మిగతా ఇరవై రెండు ఊళ్ళవీ పొట్టి పేర్లు. ఒక్క ఈ ఊరికే చివరి అక్షరం గుమ్మం బయట ఉండిపోయింది.

వీర్రాజు నవ్వాడు. సుచరితకీ నవ్వొచ్చింది. కానీ ఆమె నవ్వు సగంలోనే ఆగింది.

"మీ మీద ఉత్తరం రాశానండి" అంది. "మూడు పేజీలు. మాస్టారికిచ్చాను."

"తెలుసండి. మీరు నాతో మాట్లాడ్డం మానేసినప్పుడే అనుకున్నాను."

"తప్పు నాదే."

"ఊరి పేరుది కూడానూ" అన్నాడు వీర్రాజు. "పెట్టెలో పేరు మార్చడానికి వానలో ఎవరూ అంత దూరం పోనక్కర్లేదు లెండి. ఆ తెగిన పేరుకే నా వైపు అనుమతి రాసేస్తాను. మీరు తర్వాత తీరిగ్గా మార్చుకోండి."

రాశాడు. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. పావుగంట అవడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. వీర్రాజు టీ తెప్పించాడు. టీ సగం తాగేసరికి వరస చివర కొత్త కబురొకటి వచ్చి నిలబడింది. పెద్దపాలవాగు, పదకొండు మీటర్ల నలభై. అది ప్రమాదం మట్టం కంటే ఎక్కువ. ఒక్క నిమిషంలో దిగువ రేవుకి చేరింది. ఆ మధ్యాహ్నం లాంచీ కదల్లేదు.

సాయంత్రం గుట్ట మీద నుంచి ముత్తయ్య ఫోను చేశాడు.

"అమ్మా, పెట్టె మీద ఆ మాట పోయింది. పచ్చ దీపం వెలుగుతా ఉంది. ఇంక నేను గుట్టెక్కక్కర్లేదా?"

"అక్కర్లేదు ముత్తయ్యగారూ. మెట్లు కూడా దిగకండి. ఇంటికెళ్ళి పడుకోండి."

"దిగకుండా నాకెట్టా తోస్తది" అన్నాడు ముత్తయ్య. కానీ ఆ గొంతులో సంతోషం ఆమెకి వినబడింది.

మూడో రోజుకి వాన వెలిసింది. మట్టం గంట గంటకీ తగ్గుతున్న కబుర్లు వరసగా వచ్చాయి. లాంచీ మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. సుచరిత ఆ నాలుగు వందల లైన్లూ తీసేసింది. తీసేస్తుంటే ఇల్లు ఊడ్చుకున్నట్టు హాయిగా అనిపించింది. తర్వాత మాస్టారి గదికి వెళ్ళింది.

మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని బత్తాయి వలుస్తున్నారు. ఆమెకి రెండు తొనలిచ్చారు.

"మాస్టారూ, నంబరు చూపిస్తే ముత్తయ్యగారి లాంటి వాళ్ళకి అర్థం కాదనుకున్నాను. అందుకే దాచి, ఆ మాట పెట్టాను."

"అర్థం కాకపోతేనేం. ఫోను చేసి నీకు చదివి వినిపించేవాడు."

ఆమె తొన నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది.

"ఆ వాక్యం మారుస్తున్నానండి" అంది. "దాని బదులు ఏం రాయమంటారు?"

మాస్టారు ఇంకో తొన మీది నార తీస్తూ అన్నారు.

"నీకేం జవాబొచ్చిందో, అది."