సుంకన్న పాటలో రాజుగారి పేరు

ఒకానొక రాజ్యంలో, అంటే రాజుగారికన్నా ముందు ఆయన బిరుదులు సభలోకి నడిచి వచ్చే రాజ్యంలో, మార్తాండ భూపతి అనే ప్రభువు ఉండేవాడు. ఆ బిరుదులన్నీ ఇక్కడ రాద్దామనే కూర్చున్నాను. కానీ నా చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగిపోయింది, అంత పొడుగు సమాసాలు అప్పటికింకా రాలేదు. ఉన్నాయనుకుని ముందుకు పదండి.

ఆ రాజ్యంలోనే సుంకన్న అనే నేతగాడు ఉండేవాడు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా బట్ట నేసేవాడు, నేస్తూ నేస్తూ పాట కట్టేవాడు. గురువెవరని అడిగితే, తాళం నేర్పింది మగ్గం, తప్పు పాడితే తిట్టింది పెళ్లాం అని చెప్పేవాడు. అయినా ఆ సీమలో నాట్లు వేసేవాళ్ల నోట, పల్లకి మోసేవాళ్ల నోట, పెళ్లి విడిదిలో ఆడవాళ్ల నోట అతని పాటే.

అక్కడ పాటకొక పద్ధతి ఉండేది. పాట కావలసిన జట్టు దాన్ని కట్టినవాడి ఇంటికి తాంబూలం తీసుకుని వెళ్లాలి. నేర్చుకున్నాక నలుగురి ముందు, అతడి ఎదుటే పాడాలి. కట్టినవాడు చివరిదాకా విని "ఇది నా మాటే" అని పైకి అనాలి. దీన్ని పాట అప్పగింత అనేవారు. ఆ తర్వాత జట్టు ఎక్కడ పాడుకున్నా అడిగేవాడు లేడు. అయితే చివరి చరణంలో కట్టినవాడి పేరు పలికి తీరాలి. పేరు మింగిన జట్టుకు మళ్లీ ఎవరూ పాట ఇచ్చేవారు కాదు.

ఒకసారి ప్రభువు ఏనుగెక్కి ఊరేగుతుంటే దారి పొడుగునా జనం పాడుతున్నారు. పాడుతున్నది తన గురించే అనుకుని ఆయన చెవి ఒగ్గాడు. ప్రతి పాట చివరా "సుంకన్న, సుంకన్న" అని వినబడింది. మన రాజ్యంలో మనకు తెలియని ఆ సుంకన్న ఎవడని మంత్రిని అడిగాడు.

మర్నాడు సుంకన్నను సభకు పిలిపించారు. అతని పాటలన్నీ ప్రభువు కొంటున్నారని, ఇకమీదట వాటిలో సుంకన్న అన్నచోటల్లా మార్తాండ అని పాడాలని మంత్రి చదివి వినిపించాడు. రెండు పేర్లూ తూచినట్టు సరిపోయాయి కాబట్టి తాళం కూడా తప్పదట. ఒప్పుకుంటే వంద ఎకరాల మాన్యం. కాదంటే ఎనిమిదో రోజుకల్లా మగ్గంతో సహా పొలిమేర దాటాలి.

"మగ్గమంటే మోసుకుపోతాను ప్రభూ, గుంటనెలా మోసుకుపోను?" అన్నాడు సుంకన్న.

సభ నవ్వింది గాని అతనికి నవ్వు రాలేదు. పొలం లేదు, పుట్ర లేదు. ముప్పై ఏళ్లుగా సంపాదించుకున్నది చరణం చివర ఆ మూడక్షరాలే. అయినా చేతులు జోడించి, ఇస్తానన్నాడు, కాకపోతే అప్పగింత జరగాలన్నాడు. "పేరు ఎవరిదో ఆ మాట అనాల్సింది వారే. నిండు సభలో జట్టు పాడుతుంది, ఏలినవారు విని నా మాటే అంటే చాలు."

అంతేనా అన్నాడు రాజు. పాటల్లో ఏముందో ఆయన అడగలేదు, పేరు ఎన్నిసార్లు వస్తుందని మాత్రం అడిగాడు.

ఎనిమిదో రోజు సభ కిటకిటలాడింది. తెర వెనుక రాణివాసం కూర్చుంది. వాళ్లలో రాజుగారి అత్తగారు కూడా ఉంది. ఆవిడ కూతుర్ని చూసిపోదామని మూడు నెలల కిందట వచ్చి, ఇంకా చూస్తూనే ఉంది. ఆవిడ దగ్గితే ప్రభువు సింహాసనం మీద సర్దుకుని కూర్చునేవాడు.

జట్టు పెద్ద ఈరమ్మ ముందుగా నాట్ల పాట ఎత్తుకుంది. వాన కురవాలి, పంట పండాలి అన్నాడు మార్తాండ అని ముగించింది. రాజు మీసం దువ్వి, "ఇది నా మాటే" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

రెండోది బోయీల పాట.

"మోసి మోసి భుజము మీద కాయ కాసెనే
కూరుచున్న దొరకు చూడ బొజ్జ పెరిగెనే
వచ్చే జన్మకైన నాకీ బరువు వద్దని
మొక్కుకొనె మార్తాండ"

సభలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ పల్లకి బోయీలు మాత్రం ఒకరి వీపు వెనుక ఒకరు దాక్కున్నారు. రాజు తన పొట్ట వైపు ఒకసారి చూసుకుని, "నా మాటే" అన్నాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

ఈరమ్మ ఊపిరి పీల్చుకుని మూడోది అందుకుంది. అది కోడళ్ల పాట.

"పొద్దుగూకితే తిరగలైన ఊరకుండెనే
అత్త నోటికేమొ అలుపు రాకనుండెనే
ఈ అత్తతో ఇంక నేను వేగజాలనని
మొరపెట్టె మార్తాండ"

తెర వెనుక గాజుల చప్పుడు ఆగిపోయింది.

అందరూ రాజు నోటికేసి చూస్తున్నారు. ఆయన తెర వైపు చూశాడు. అప్పుడు అత్తగారు దగ్గింది.

"ఇది... ఇది సుంకన్న మాట" అన్నాడు రాజు.

"చిత్తం" అన్నాడు సుంకన్న. "నేను చదువులేనివాణ్ని ప్రభూ, పాట కట్టడం పెద్ద గొప్పేం కాదు, మగ్గం ఆడుతుంటే దానంతటదే వస్తుంది. కానీ ఈ పాట మా అత్త ఎదురుగా పాడి, నాదేనని ఒప్పుకుని, ఆమె పెట్టిన కూడే తిన్నాను. బోయీల పాట ఊరి దొర ముందు నాదేనన్నాను, వీపు మీద ఇంకా గుర్తుంది. చరణం చివర పేరంటే అదీ. అది మాన్యానికి ఎలా ఇచ్చేది?"

ప్రభువు మొహం ఎర్రబడింది. అంతలో తెర వెనుకనుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఏమయ్యా సుంకన్నా, ఆ కోడళ్ల పాటకు తాంబూలం ఎక్కడికి పంపాలి? నేనూ ఒకప్పుడు కోడల్నే. మా అత్తగారు ఇంకా ఉన్నారు. ఇంటికెళ్లి పాడుకోవాలి."

మొదట నవ్వింది రాజే. ఎంత నవ్వాడంటే ఆ పొట్ట సింహాసనం మీద ఎగిరెగిరి పడింది. బోయీలు కూడా ఇక దాక్కోలేదు. అత్తగారు ఇంటికెళ్తానన్న మాటకే సగం నవ్వని తర్వాత కొందరన్నారు, అది నేను నమ్మను.

సుంకన్న పాటలో సుంకన్న పేరు తీసే హక్కు రాజుకు కూడా లేదని ఆ రోజే శాసనం చెక్కించారు. వంద ఎకరాలూ అలాగే ఇచ్చారు. ప్రభువు స్వయంగా వంగి అతని కాలికి గండపెండేరం తొడిగాడు. అది కాలికుంటే మగ్గం తొక్కడం కుదరక, సుంకన్న దాన్ని తీసి గోడకు తగిలించాడు.

నెల తిరక్కుండానే రాజు తనకోసం ఒక పాట అడగడానికి, పద్ధతి ప్రకారం తాంబూలం పట్టుకుని సుంకన్న ఇంటికి వచ్చాడు. ఆ ద్వారబంధం బాగా పొట్టిది. బిరుదులు చదివేవాళ్లంతా వీధిలోనే ఆగిపోయారు. మార్తాండుడు ఒక్కడే తల వంచి లోపలికొచ్చాడు.