శాస్త్రిగారి పల్లకీ రాగం

ఒకానొక రాజ్యాన్ని ప్రచండసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు సంగీతమంటే ప్రాణం. కాకపోతే ఏది సంగీతమో పక్కనుంచి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పడానికి ఆస్థానంలో నరహరిశాస్త్రిగారు ఉండనే ఉన్నారు.

శాస్త్రిగారు పదకొండు దేశాలు తిరిగి, ఎక్కడి జనం ఎలాంటి చప్పుళ్ళు చేస్తారో విని, పెద్ద గ్రంథం రాసుకొచ్చారు. అందులో రెండే భాగాలు. శాస్త్రానికి లొంగింది సంగీతం, లొంగనిది రొద. పడవవాళ్ళ కేకలు, దంపుళ్ళ పాటలు, గొర్రెల కాపరుల ఈలలు అన్నీ రొదలోకే పోయాయి. చివరికి రాజుగారి పల్లకీ మోసే బోయీల "ఓహోం ఓహోం" కూడా అందులోకే చేరింది. సాక్షాత్తు ప్రభువులు రోజూ అపస్వరం వినడమేమిటని శాస్త్రిగారు నొచ్చుకున్నారు. ఇంకేముంది, బోయీలు నోరు మెదపకూడదని ఆజ్ఞ అయింది.

మూడోనాడు పల్లకీ వెనక మోసేవాడి కాలికి రాయి తగిలింది. పల్లకీ ఒరిగి రాజుగారి నుదురు బొప్పి కట్టింది. ముందు నడిచే పోతయ్యనూ, మిగతా ఏడుగురినీ కొలువు వదిలి, ఊరు వదిలి పొమ్మన్నారు.

ఆస్థానంలో బయ్యన అనే చమత్కారి ఉండేవాడు. నోరు దురుసే గానీ మనసు వెన్న. సంగతి విని పోతయ్య ఇంటికి వెళ్ళాడు. పోతయ్య భార్య అప్పటికే గిన్నెలు మూటగడుతోంది. ముప్పై ఏళ్ళు పల్లకీ మోసి కాయలు కాచిన పోతయ్య భుజం వైపు చూస్తూ బయ్యన పక్కనే కూర్చున్నాడు. అసలేం జరిగిందని అడిగాడు.

"వెనకున్నోళ్ళకి పల్లకీ తప్ప దారి కనపడదు బాబూ. రాయొచ్చినా గుంతొచ్చినా నేను కేకేస్తేనే ఆళ్ళకి తెలిసేది. నా నోరు కట్టేస్తే ఆళ్ళ కళ్ళు కట్టేసినట్టే."

"ఈ మాట రాజుగారితో చెప్పలేదా?"

"నోరెత్తొద్దన్నారు గదా బాబూ."

మర్నాడు సభలో బయ్యన శాస్త్రిగారిని ఆకాశానికెత్తేశాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. "ఆ మోటు కేకలు మనకెందుకు ప్రభూ? శాస్త్రిగారే శుద్ధమైన రాగంలో దారి చెబుతూ ముందు నడిస్తే, బోయీలు దాన్ని బట్టి అడుగులేస్తారు. ఇలాంటి వైభవం ఏ దేశపు రాజుకుంది?" అన్నాడు. ఈ ఒక్క ప్రయాణానికి పాత బోయీలనే పిలిపించమని వేడుకున్నాడు. రాజుగారు ఉబ్బిపోయారు. నిండు సభలో శాస్త్రిగారు కాదనలేకపోయారు.

వాన వెలిసిన మర్నాడు మామిడితోటకు ప్రయాణం. శాస్త్రిగారు పట్టుపంచె ఎగగట్టి ముందు నడుస్తున్నారు. కాస్త దూరం వెళ్ళాక ఎడమవైపు మోకాటిలోతు గుంత కనిపించింది. దానికి తోడిరాగం బాగుంటుందనుకున్నారు. ఆలాపన లేకుండా అసలు సంగతిలోకి దిగడం మర్యాద కాదు కాబట్టి, గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని రాగం ఎత్తుకున్నారు.

పోతయ్యకు గుంత కనబడింది. నాలిక చివరిదాకా వచ్చిన కేకను మింగేసి తను పక్కకు తప్పుకున్నాడు. శాస్త్రిగారు పైస్థాయి అందుకునేసరికి, వెనకవాళ్ళు గుంతలో పడ్డారు. పల్లకీ బోల్తాకొట్టింది. రాజుగారు నిలువెల్లా బురదలో మునిగి తేలారు.

ఆయన మీసాల నుంచి బురద కారుతుండగా లేచి కత్తి మీద చెయ్యి వేశారు. బోయీలు బురదలోనే చేతులు జోడించారు. బయ్యనకు భయమేసింది. తన వేళాకోళం బెడిసికొడితే పోయేది పోతయ్య తల.

"గుంత ఉందని ఒక్కడూ చెప్పలేదేం?" అని రాజుగారు గర్జించారు.

బయ్యన చేతులు కట్టుకుని, "తొందరపడకండి ప్రభూ. శాస్త్రిగారు ఇంకా ఆలాపనలోనే ఉన్నారు. గుంత సంగతి పల్లవిలో వస్తుంది," అన్నాడు.

రాజుగారు కాసేపు గుడ్లురిమి చూశారు. తర్వాత ఆయన మీసం కదిలింది, ఆ పైన పొట్ట కదిలింది. బురదలోనే కూలబడి పగలబడి నవ్వారు. కోటదాకా నీ పాటే పాడమని పోతయ్యకు చెప్పారు.

"ఎడమన గుంతోయ్, ఓహోం! జారుడు నేలోయ్, ఓహోం!" అంటూ పోతయ్య అందుకున్నాడు. ఎనిమిది మంది అడుగులూ ఒక్కటిగా పడ్డాయి. పల్లకీలో రాజుగారికి కుదుపన్నది తెలియలేదు. పక్కన నడుస్తున్న శాస్త్రిగారు ఆ కేక విన్నప్పుడల్లా తనకు తెలియకుండానే పక్కకు తప్పుకుంటున్నారు. అది గమనించుకునేసరికి ఆయన ముఖం చిన్నబోయింది.

కోట చేరాక ఆయనే పోతయ్య దగ్గరికి వెళ్ళి, "పదకొండు దేశాలు తిరిగి అందరి కేకలూ రాసుకొచ్చాను పోతయ్యా. ఎందుకలా కేకేస్తున్నారని ఒక్కరినీ అడగలేదు," అన్నారు.

"అయితే ఇంకోసారి తిరిగి రండి శాస్త్రిగారూ, ఈసారి అడిగి రండి," అని రాజుగారు మళ్ళీ నవ్వి, బోయీల కొలువు వాళ్ళకిచ్చేసి, మెడలోని ముత్యాలహారం తీసి బయ్యన మెడలో వేశారు. దాని మీద బురద ఇంకా ఆరలేదు.