రెండు ఆసులు, ఒక తువ్వాలు

కోదండపాణికి ఆ నెలలో నాలుగుసార్లు ఆసుల జత వచ్చింది. నాలుగుసార్లూ ఓడిపోయాడు. పోకర్‌లో అంతకంటే మంచి ఆరంభం ఎవరికీ రాదు. అంతకంటే చెడ్డ నెల అతనికీ ఎప్పుడూ రాలేదు.

తెనాలిలో మోటార్లకు వైండింగు చేసుకునే పాణి ఆదివారాలు మృత్యుంజయం మాస్టారింటి మేడ మీద ఆట నేర్చుకునేవాడు. మాస్టారు పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మేడ మీద డబ్బు కనబడకూడదు, పందేలన్నీ చింతపిక్కలతోనే. తలా రెండు ముక్కలు మూసి వేస్తారు. తర్వాత బల్ల మధ్య అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా తెరుస్తారు. పందేనికి హద్దుంది. చేతిలో ఎంత గొప్ప ముక్కలున్నా ఒకసారికి ఒక్క మెట్టే పెంచాలి. పిక్కలన్నీ ముందుకు తోసేసి అందర్నీ హడలగొట్టి పంపేద్దామంటే కుదరదు.

ఏటా గోవాలో జరిగే ఇలాంటి ఆటకి మాస్టారికి పిలుపు వస్తుంది. ఈ ఏడు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. తన బదులు ఒక శిష్యుణ్ణి పంపుతానన్నారు. ఆ కుర్చీ మీద పాణి ప్రాణాలు పెట్టుకుని ఉన్నాడు. ఇలా ఓడిపోతూ ఉంటే అది తనకి రాదనీ తెలుసు.

నాలుగోసారి ఇలా జరిగింది. ఆసులు చూసుకుని పాణి కళ్ళు కూడా ఆర్పలేదు. పెంచితే జనం బెదిరి పారిపోతారని మామూలు పందెం కట్టి ఊరుకున్నాడు. నిదానమే ప్రధానం అనేది అతని ఊతపదం. బల్ల చుట్టూ ఉన్న ఏడుగురూ ఆ పందెం కట్టి ఆటలోకి వచ్చారు. మధ్యలో మూడు, ఎనిమిది, తొమ్మిది తెరుచుకున్నాయి, ఆ తర్వాత పది. పోస్టాఫీసులో పనిచేసి మానేసిన రత్నమాంబగారు పందెం పెంచారు. చేతిలో లేకుండా ఆవిడ పెంచరని ఆ మేడ మెట్లక్కూడా తెలుసు. ఆసులున్నవాడు వెనక్కి తగ్గడమేమిటని పాణి చివరిదాకా కట్టాడు.

ఆవిడ ఆరూ ఏడూ పరిచారు. ఆరు నుంచి పది దాకా వరస. ఏ జతనైనా కొట్టేస్తుంది.

"ఆ ముక్కలతో ఎలా వచ్చారండీ?" అన్నాడు పాణి.

"నువ్వు పెంచి ఉంటే అప్పుడే ముక్కలు పడేసేదాన్ని. రావద్దని ఎవరూ అనలేదు, వచ్చాను నాయనా."

అందరూ వెళ్ళాక పాణి మాస్టారి దగ్గర నిలబడ్డాడు. "ఆసులు నాకు అచ్చిరావడం లేదు మాస్టారూ. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు పిక్కలు డబ్బాలో పోసి మూత బిగించారు. "రేపు బెజవాడ కంటాసుపత్రికి వెళ్ళాలి. తోడు రా."

పొద్దున బస్టాండులో మాస్టారు తన భుజం మీది తువ్వాలు తీసి పాణి చేతికిచ్చారు. బస్సు వచ్చి ఆగింది. జనం తలుపు దగ్గర ఎగబడ్డారు. కిటికీలోంచి చూస్తే లోపల ఇంకా ఏడెనిమిది సీట్లు ఖాళీ.

"చాలా ఉన్నాయి మాస్టారూ. వీళ్ళ తోపులాట తగ్గనివ్వండి. నిదానమే ప్రధానం."

తోపులాట తగ్గింది. సీట్లూ అయిపోయాయి. మడత విప్పని తువ్వాలు చేతిలో పట్టుకుని పాణి, పైన కమ్మీ పట్టుకుని మాస్టారు, బెజవాడ దాకా నిలబడే వెళ్ళారు. బస్సు కుదిపినప్పుడల్లా డెబ్బై ఏళ్ళ మనిషి ఊగిపోతుంటే పాణికి తల కొట్టేసినట్టయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఇంకా ఆగుతుండగానే మాస్టారు పాణి చేతిలోంచి తువ్వాలు లాక్కుని కిటికీలోంచి లోపలికి విసిరారు. కళ్ళు మసకే, గురి కాదు. తువ్వాలు ముందువైపు జంట సీటు మీద వాలింది. అటు వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని చూసి గొణుక్కుంటూ వెనక్కి పోయారు. మాస్టారు తీరిగ్గా ఎక్కి కూర్చున్నారు.

మంగళగిరిలో ఒకావిడ చంకలో పిల్లతో, వెంట తల్లితో ఎక్కింది. వచ్చి వీళ్ళ సీటు దగ్గర నిలబడి కిటికీ పైకి వేలు చూపించింది. "స్త్రీలకు" అని రాసి ఉంది.

"మేం బెజవాడలోనే తువ్వాలు వేసుకున్నామమ్మా" అన్నాడు పాణి. "పెద్దాయన, కళ్ళు కూడా సరిగా కనబడవు. అక్కణ్ణుంచీ కూర్చుని..."

అతని మాట పూర్తి కాకుండానే మాస్టారు లేచారు. తువ్వాలు ఒకసారి దులిపి భుజాన వేసుకుని కమ్మీ పట్టుకున్నారు.

"లే పాణీ" అన్నారు. "నాకే కనబడుతుంటే నీకు కనబడదా?"

పై ఆదివారం పాణికి ముందు రాజుల జత వచ్చింది. చూసిన వెంటనే పెంచాడు. అయిదుగురు పడేశారు. చివరికి దక్కినవి గుప్పెడు పిక్కలే. అవే దగ్గరికి తీసుకున్నాడు.

ఆట ముగియబోతుండగా మళ్ళీ ఆసులు వచ్చాయి, రెండూ నల్లవే. ఇస్పేటు, కళావరు. వెంటనే పెంచాడు. రత్నమాంబగారూ, ఇంకొకాయనా మాత్రం మిగిలారు. మధ్యలో మూడు ముక్కలు తెరిస్తే అందులో రెండు ఎర్ర ఆఠీన్లు. పాణి మళ్ళీ పందెం వేశాడు, ఇద్దరూ కట్టారు. నాలుగోది ఆఠీను. అయిదోదీ ఆఠీనే. ఇక చేతిలో ఒక్క ఆఠీనున్నవాడికి అయిదూ ఒకే గుర్తువై, ఆసుల జతని కొట్టేస్తాయి. రత్నమాంబగారు పందెం వేశారు. ఇంకొకాయన పెంచాడు.

పాణి తన ముక్కల్ని ఒకసారి చూసుకున్నాడు. బోర్లా తిప్పి పడేశాడు. ప్రాణం చివుక్కుమంది. వాళ్ళిద్దరూ ముక్కలు పరిస్తే ఇద్దరి చేతుల్లోనూ ఆఠీనుంది.

ముక్కలు కనబడని మాస్టారు చప్పుళ్ళు వింటూ కూర్చున్నారు. అందరూ వెళ్ళాక అడిగారు.

"ఆఖర్న ఏం పడేశావు?"

"రెండు ముక్కలండీ" అన్నాడు పాణి.

మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి అతని చేతిలో పెట్టారు.

"గోవా బస్సు రద్దీగా ఉంటుందిట" అన్నారు.