ఫిరంగికి వేసిన అతుకు

కొండవాగు సంస్థానంలో సేనను నడిపే దళవాయి సింగరాయుడికి తెలియని విద్య లేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు.

ఒకసారి కోట బురుజు మీది ఇనుప ఫిరంగి పగిలింది. కమ్మరి కాళాచారి వచ్చి చూశాడు.

"పగులు లోపలిదాకా ఉంది దొరా. కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తెతో అతికి, పైన ఇనుప కట్లు బిగించాలి. పదిరోజులు పడుతుంది" అన్నాడు.

"రేపే రాజుగారు చూడటానికి వస్తున్నారు. పగుల్లో మైనం కూరి మసి పూసెయ్. కాదన్నావో, ఊళ్లో నీ కొలిమి ఉండదు" అన్నాడు దళవాయి.

"పేల్చేవాడు బతకడు దొరా."

"పేల్చేవాళ్లకేం, బోలెడుమంది దొరుకుతారు."

కాళాచారి పగుల్లో మైనం కూరి మసి పూశాడు.

మర్నాడు నిగనిగలాడే ఫిరంగిని చూసి రాజుగారు మురిసిపోయారు.

"దగ్గరుండి అతికించాను ప్రభూ. ఈ కమ్మరికి పని నేర్పిందీ నేనే" అన్నాడు దళవాయి.

కాళాచారి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "నిజమే ప్రభూ, ఈ పద్ధతి దొరగారిదే. మొదటి గుండు వారే పేలిస్తే న్యాయంగా ఉంటుంది. మేం దూరంగా నిలబడి చూసి తరిస్తాం."

రాజుగారు సంతోషంగా కాగడా అందించారు. దళవాయి రెండడుగులు వేసి, చెమటలు తుడుచుకుని, "పదిరోజులు ఆగితే అతుకు ఇంకా గట్టిపడుతుంది ప్రభూ" అని గొణిగాడు.

రాజుగారు ఫిరంగిని గోటితో గీకారు. మైనం ఊడొచ్చింది.

"సరే, పదిరోజులూ తీసుకోండి. మొదటి గుండు మాత్రం నువ్వే పేల్చాలి" అన్నారాయన దళవాయితో.

ఆ పదిరోజులూ దళవాయి కొలిమి దగ్గర్నుంచి కదల్లేదు. "ఇంకో నాలుగు దెబ్బలు వెయ్యండి ఆచారిగారూ, తొందరేం లేదు" అని బతిమాలుతూనే ఉన్నాడు.