అంచు విరిగిన రోలు

దంపుళ్ళమ్మ గుట్టకు తారు రోడ్డు లేదు. ఏటి అవతలి క్షేత్రానికి ఉంది. దీపాల తోరణం ఉంది, ప్రసాదాల కౌంటరు కూడా ఉంది. అది చూసి ఈ పుస్తకం రాస్తున్న అర్చకుడికి కడుపుమంట లేదంటే అమ్మవారి ఎదుట అబద్ధమాడినట్టే. అయినా మన గుట్టకు వచ్చే భక్తులు రాళ్ళ మీద నడిచే వస్తారు. గర్భగుడిలో వారికి దర్శనమిచ్చేది విగ్రహం కాదు, ఒక రాతి రోలు. దాని అంచు ఒకవైపు విరిగి ఉంటుంది. మొదటి నైవేద్యం గుప్పెడు ఊక. లక్షాధికారి అయినా ముందు అదే పెట్టాలి. ఎందుకో అడిగే యాత్రికుల కోసం పెద్దలు చెప్పిన వృత్తాంతాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

పూర్వం ఇక్కడ రాయి కొట్టి రోళ్ళు, తిరగళ్ళు చేసే వడ్డెరల గుడిసెలు పదకొండు ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ళలో గింజ దంచిన ప్రతి రోలూ వీరు చెక్కినదే. మూడేళ్ళు వరుసగా వాన కురవలేదు. దంచడానికి గింజలే లేనప్పుడు రోలు కొనేవారెవరు? మగవారు పని వెతుక్కుంటూ దూరప్రాంతాలకు పోయారు. ఆడవారు, పిల్లలు అడవి దుంపలతో రోజులు నెట్టారు. కొన్నాళ్ళకు అవీ దొరకలేదు.

ఆ గుడిసెల్లో ఒకే గోడకు అటూ ఇటూ సుంకులక్క, తిప్పక్క అనే తోడికోడళ్ళు ఉండేవారు. పెద్ద కోడలు సుంకులక్కకు ఓబులి అనే ఐదేళ్ళ కూతురు. ఆకలికి ఆ పిల్ల లేచి నిలబడలేని స్థితికి వచ్చింది. అయినా సుంకులక్క నోరు విప్పి ఎవరినీ అడగలేదు. పాత ఊకను రోట్లో పోసి, నలుగురికీ వినిపించేలా దంచేది. పొయ్యి రాజని ఇల్లని పేరు పడటం కంటే చేతులు బొబ్బలెక్కడమే మేలనుకుంది. అయితే గోడ అవతల తిప్పక్క రోకలి కూడా మోగేది. ఆ చప్పుడు వింటే సుంకులక్క కడుపు ఆకలి కంటే ఎక్కువగా మండేది. తన బిడ్డ సొమ్మసిల్లుతుంటే అది జొన్నలు దంచుకుంటోందని పళ్ళు నూరేది. అది ఆపేదాకా తానూ ఆపేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. కలలో ఎర్రచీర కట్టిన ముత్తైదువ గడపలో నిలిచి, ఆకలిగా ఉంది, నీ రోట్లో ఉన్నదే పెట్టమని అడిగింది. సుంకులక్క సిగ్గుపడి, తన దగ్గరేమీ లేదని, పక్కింట్లో గింజలు మూలుగుతున్నాయని, అక్కడికి వెళ్ళమని చెప్పింది.

"ఆ ఇంటి నుంచే వస్తున్నాను" అని నవ్వి ఆమె మాయమైంది.

సుంకులక్క ఉలిక్కిపడి లేచింది. దేవత కూడా ముందు తిప్పక్క గడపే తొక్కిందన్న మాట తప్ప ఆమెకు మరేమీ తలకెక్కలేదు. కసికొద్దీ మళ్ళీ రోకలి అందుకుంది.

అదే పూట, ఏటి చెలమల నీటితో కాస్త పండించుకున్న దిగువ ఊరి వారు, తమకు రోళ్ళు చెక్కి ఇచ్చిన వారు ఎలా ఉన్నారోనని రెండు బస్తాల జొన్నలు బండి మీద పంపారు. బండివాడు గుట్ట మలుపులో ఆగి చెవి ఒగ్గాడు. పదకొండు ఇళ్ళలోనూ రోకళ్ళు మోగుతున్నాయి. ఇక్కడ తిండికి లోటు లేదనుకుని, మరో పల్లెకు పోదామని ఎద్దులను తిప్పాడు.

సుంకులక్క బయటికి చూసేసరికి బండి వెనుదిరిగి పోతోంది. తిప్పక్క చాటుగా గింజలు దింపించుకుందని ఆమెకు రూఢి అయిపోయింది. పెనిమిటి వదిలి వెళ్ళిన సుత్తి తీసుకుని తోడికోడలి ఇంట్లోకి దూసుకుపోయి, చూడకుండానే రోటి మీద ఒక్క దెబ్బ వేసింది. అంచు విరిగి పడింది. రోట్లోని దుమ్ము లేచి ఆమె ముఖాన కొట్టింది. అది ఊక. ఎన్ని రోజులు దంచిందో గాని పిండిలా మెత్తబడిన ఊక.

తిప్పక్క గోడకు చేరగిలబడింది.

"నీ రోకలి నిలిస్తే నేనూ నిలుపుదామనుకుంటి గదక్కా," అంది. "నువ్వు నిలపకపోతివి. నీ ఇంట్లో గింజలుండాయని దినామూ కుళ్ళుకుంటాంటి."

తన కలలోకీ ఎర్రచీర ఆమె వచ్చిందని, సుంకులక్క ఇంటికి పొమ్మని తానే పంపానని కూడా చెప్పింది.

సుంకులక్క సుత్తి జారవిడిచింది. నడివీధిలోకి వచ్చి, జన్మలో మొదటిసారి ఆ మాట పైకి అంది.

"నా రోట్లో ఉండేది ఊకే. మీ రోట్లో ఏముందో నిజం చెప్పండి."

ఒక్కొక్క రోకలీ ఆగింది. పదకొండు ఇళ్ళూ నిశ్శబ్దమయ్యాయి. గుట్ట దిగుతున్న బండివాడు అన్ని దంపుళ్ళూ ఎందుకు ఆగాయా అని వెనక్కి వచ్చి చూశాడు. ప్రతి రోట్లోనూ ఊకే కనిపించేసరికి రెండు బస్తాలూ అక్కడే దింపాడు. ఆ విరిగిన రోట్లోనే తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలిచి జొన్నలు దంచారు. మొదటి గరిటెడు జావ ఓబులికి పోశారు. ఆ పిల్ల బతికింది. గుడి ఊడ్చి ముగ్గు పెట్టే ఇల్లు నేటికీ ఆమె సంతతిదే.

ఏటా మాఘమాసంలో మొదటి మంగళవారం ఇక్కడ తిరునాళ్ళు. ఆ రోజు ఎవరూ ఒంటరిగా దంచరాదు. ఏ ఇంటిని చూస్తే కన్ను కుడుతోందో ఆ ఇంటివారినే వెంటబెట్టుకు రావాలి. రోటి ఎదుట ఒకరినొకరు "మీ రోట్లో ఏముంది?" అని అడిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుని, ఊక సమర్పించి, తెచ్చిన గింజలు కలిపి దంచుతారు. నిరుడు నేను ఏటి అవతలి క్షేత్రపు అర్చకుడిని పిలుచుకువచ్చి అడిగాను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని, మన గుట్టకు నడిచి వచ్చే జనాన్ని చూసి తనకు కంటిమీద కునుకు ఉండదని చెప్పాడు. నాదీ చెప్పాను.

నిజం చెప్పుకున్న ఇళ్ళలో పిల్లలు ఆకలితో పడుకోరని భక్తుల నమ్మకం. అబద్ధం చెప్పిన వారిని అమ్మవారు శిక్షించదు. వారి కోసం బయలుదేరిన బండి, గుట్ట మలుపులో ఆగి, వెనక్కి తిరిగిపోతుంది.