గాలి తిరిగిన గడియ

అనగనగా ఒక రాజ్యం. దాని నడిబొడ్డున ఒక గుట్ట, గుట్ట మీద ఏనుగంత నగారా. చుట్టూ ఏడు ఊళ్ళు. ఏ ఊరికి కబురు చేరాలన్నా ఆ నగారా మోగాల్సిందే. ఒక్కో ఊరికి ఒక్కో దరువు. అయితే ఉన్నది ఒక్కటే నగారా, ఒకసారికి ఒక ఊరికే కొట్టాలి.

గుట్ట కిందే సంతపేట. గాలి ఎటున్నా అక్కడ నగారా వినబడుతుంది. అన్నిటికన్నా దూరం ఏటి ఒడ్డున ఉన్న పల్లంపాడు. గాలి తమవైపు తిరిగితే తప్ప ఆ ఊరివాళ్ళకు ఒక్క దెబ్బా వినబడదు. తిరిగిందా, పక్కింట్లో కొట్టినట్టే ఉంటుంది.

ఆ పల్లంపాడులో ఓబులమ్మ అని ఒక ఆవిడ ఉండేది. చేటతో గాలికి ధాన్యం తూర్పారబట్టడంలో ఆమె చేతికి ఎదురు లేదు. ఇంట్లో మంచం పట్టిన అత్త, కొట్టంలో జత ఎద్దులు. కొండల్లో వాన పడితే ఆ సంగతి పొద్దున్నే గుట్టకు తెలిసేది. ఏరు పొంగి పల్లంపాడు చేరేది సాయంత్రానికి. ఈలోగా నగారా ఒక్కసారి వినబడితే చాలు, ఊరంతా మిట్టకెక్కి బతికిపోతుంది.

కానీ మంత్రి సుకేతుడు ఒక నియమం పెట్టాడు. పొద్దుగూకేసరికి ఎన్ని కబుర్లు చేరితే అంత గొప్ప. ఇంకేం! నగారా కొట్టే తిమ్మప్ప తెల్లారింది మొదలు సంతపేటకే కొట్టేవాడు. మిరియాల ధర, పట్టుచీరల ధర, ఆఖరికి సెట్టిగారి పిల్లి ఈనిందన్న ముచ్చట కూడా! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. మరి మనవాడు కాకపోతే? బంతిలో కూర్చున్నా ఆకలే.

ఆ ఏడు ఏరు పొంగింది. కబురు రాలేదు. కళ్ళంలో ఉన్న రాగులన్నీ కొట్టుకుపోయాయి. ఓబులమ్మ కడుపు మండిపోయింది. రెండు రోజులు నడిచి రాజుగారి కొలువులో నిలబడింది.

"మా ఊరికి కబురెందుకు కొట్టలేదు సామీ?" అని అడిగింది.

మంత్రి నవ్వాడు. "మీ ఊరికి ఒక్క కబురు చేరేలోపు సంతపేటకు పది చేరతాయి. రాజ్యానికి ఏది లాభం?"

"మేం మునిగే రోజున మీ మిరియాల ధర ఎవరిక్కావాలయ్యా?"

రాజు సిగ్గుపడ్డాడు. ఇకమీదట ఏడు ఊళ్ళకూ సమానంగా రోజుకు తలా ఒక గడియ అని ఆజ్ఞ వేశాడు. కొలువంతా జేజేలు పలికింది. ఏ గడియ ఎవరిదో రాసింది మాత్రం మంత్రి. పల్లంపాడుకు తెల్లవారి గడియ పడింది.

మళ్ళీ ఏరు పొంగింది. తెల్లవారి గడియలో తిమ్మప్ప చెమటలు కక్కుతూ నగారా బాదాడు. ఏం లాభం? ఆ వేళ గాలి ఎప్పుడూ ఏటి మీంచి గుట్టవైపే వీస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మధ్యాహ్నం గాలి చక్కగా పల్లంపాడుకు తిరిగింది. అప్పుడు వంతు వేరే ఊరిది. వాళ్ళకు ఆ గాలిలో ఏమీ వినబడలేదు, వినబడేవాళ్ళకు వంతు లేదు. సాయంత్రానికి ఓబులమ్మ ఎద్దులు రెండూ ఏట్లో కలిశాయి. అత్తను మంచంతో సహా నలుగురూ పీకల్లోతు నీళ్ళలో మోసుకొచ్చారు.

ఓబులమ్మ మళ్ళీ కొలువుకు వచ్చింది. ఈసారి చేతిలో చేట ఉంది.

"మీ వంతు మీకిచ్చాం, గడియసేపు కొట్టాం. ఇంకా ఏం కావాలి?" అని మంత్రి కసిరాడు.

"కొట్టారు. ఎవరికి వినబడింది? ఇస్తరాకు మా ముందేసి, అన్నం గోడవతల కుమ్మరించి, వడ్డించామంటే మా కడుపు నిండుద్దా? ఇదేం న్యాయం సామీ!"

రాజు ముందుకు వంగి అడిగాడు. "అయితే ఏం చెయ్యమంటావు తల్లీ?"

ఓబులమ్మ చేట చూపించింది. "గాలి లేనప్పుడు దీన్ని ఎత్తితే పొట్టూ గింజా ఒక్కచోటే పడతాయి సామీ, చెయ్యి నొప్పే మిగులుద్ది. కళ్ళంలో మేం గడియలు చూసి వంతులేసుకోం. ఎవరి కుప్ప దగ్గర గాలి కుదిరితే వాళ్ళు ఎత్తుతారు. ఎక్కువ పనైపోయినామె ఆగి, వెనకబడినామెకు చోటిస్తుంది."

"సంతపేటకు గాలి ఎప్పుడూ కుదురుతుంది కదా! అన్ని వంతులూ వాళ్ళవే కావా?" అన్నాడు రాజు.

"ఏ ఊరి ఇవాళ్టి గాలిని ఆ ఊరి మామూలు గాలితోనే పోల్చాలి సామీ. సంతపేటకు రోజూ ఉండేదే ఇవాళా ఉంది, అందులో వింతేముంది? మాకు ఎప్పుడో గానీ రానిది వచ్చినప్పుడు, అది దాటిపోకముందే కొట్టాలి."

రాజు ఒప్పుకున్నాడు. గుట్ట మీద గాలి చూడడానికి జెండా కట్టించాడు. ఏడు ఊళ్ళకు ఏడు కుండలు పెట్టించాడు. ఒక ఊరికి కబురు చేరితే దాని కుండలో ఒక గులకరాయి. జెండా చూసి, కుండల్లోకి తొంగిచూసి తిమ్మప్ప దరువు మార్చాలి.

మూడోసారి కొండల్లో వాన దంచింది. ఆ మధ్యాహ్నం తిమ్మప్ప సంతపేటకు మిరియాల ధర కొడుతున్నాడు. జెండా ఒక్కసారిగా ఏటివైపు తిరిగింది. పల్లంపాడు కుండలో చూస్తే రెండే రాళ్ళు. సంతపేట కబురు సగంలో ఆపి పల్లంపాడు దరువు అందుకున్నాడు.

ఓబులమ్మ తలెత్తి విన్నది. "నగారా! మనదే! లేవండి!" అని ఊరంతా తిరిగి అరిచింది. సాయంత్రం ఏరు ఇళ్ళ కప్పులు దాటింది. కానీ మనుషులూ, గొడ్డూగోదా అంతా మిట్ట మీదే ఉన్నారు. మంచం మీంచి అత్త, "ఇన్నాళ్ళకు మన చెవులకు పుణ్యం దక్కిందే" అన్నది.

సంతపేటకు పోయిందేమిటి? మిగతా మిరియాల ధర కాస్త ఆలస్యంగా విన్నారు, అంతే. గాలికి ఎదురుగా ఒక్క దెబ్బా వృథా పోకపోవడంతో, నెల తిరిగేసరికి ఏడు కుండల్లో కలిపి పడ్డ రాళ్ళు గడియల వంతులనాడు చేరిన కబుర్లకన్నా ఎక్కువే అయ్యాయి.

రాజు మంత్రిని పిలిపించాడు. గాలి ఆడని వేళ చూసి, కళ్ళంలో చేట చేతికిచ్చి నిలబెట్టాడు. "ఇది నీ వంతు. గడియసేపు ఎత్తు," అన్నాడు. పొట్టంతా మంత్రి తలపాగా మీదే పడింది.

అందుచేత, వంతు ఇచ్చామని చేతులు దులుపుకుంటే న్యాయం కాదు, అది అక్కరకొచ్చే వేళకు అందితేనే న్యాయం.