తుపాకి ఒక ఇంట, తూటా ఒక ఇంట

మా గురువు నిరంజనయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే అడిగినవాడి వంక చూడరు. పక్కన కూర్చుని, ఆ ప్రశ్న ఎప్పుడు ముగుస్తుందా, తాను ఎప్పుడు అందుకుందామా అని ఆత్రపడుతున్నవాడి వంక చూస్తారు. సగం జవాబు ఆ ముఖంలోనే దొరుకుతుందట. నాకు మాత్రం అక్కడ ఆకలి తప్ప ఎప్పుడూ ఏమీ కనిపించలేదు.

ఆ రోజు ప్రశ్న సుబేదారు జయరామిరెడ్డిది. పేపర్లో ఏదో దూరదేశపు కాల్పుల వార్త చదివిన దగ్గర్నుంచి మా ఆశ్రమం రెండు పార్టీలైపోయింది. సైన్యంలో పనిచేసి వచ్చిన సుబేదారు, "చంపేది మనిషి, తుపాకి కాదు. మంచివాడి చేతిలో ఆయుధం లేకపోతే చెడ్డవాడిదే రాజ్యం" అంటాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పరాంకుశం మేష్టారు, "తుపాకి లేకపోతే ఆ మనిషి మహా అయితే తిడతాడు. ఊరికి ఒక్కటి కూడా ఉండకూడదు" అంటాడు. ఈ గొడవలో పప్పు మాడింది. పూజకు పూలు కోసే దిక్కు లేకపోయింది. పక్కపక్కన పడుకునే ఆ ఇద్దరూ చాపలు చెరో మూలకీ లాక్కున్నారు. అహింస గురించి మనుషులు ఇంత ఘోరంగా కొట్లాడుకోగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

"మీరే తేల్చాలి స్వామీ. మనిషికి తుపాకి ఉండాలా, వద్దా?" అన్నాడు సుబేదారు.

గురువుగారు మేష్టారి వంక ఒకసారి చూసి, తన పూర్వాశ్రమపు ఊళ్ళో, తమ వీధిలోనే జరిగిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

ఆ ఊళ్ళో గిడ్డన్న, ఎర్రిస్వామి అని అన్నదమ్ములు. అడవి పక్క ఊరు కాబట్టి వేరుశెనగ చేలల్లో పందులు పడేవి. వాటికోసం తండ్రి లైసెన్సు తీసుకుని ఒక జంటగొట్టాల తుపాకి కొన్నాడు. ఆయన పోయాక పెద్దమనుషులు పంపకాలకు కూర్చున్నారు. ఎద్దుల సంగతి తెగింది, గిన్నెల సంగతి తెగింది, తుపాకి సంగతి ఎంతకీ తెగలేదు. అప్పుడు తల్లి తిరుమలమ్మ బయటికి వచ్చి, "తుపాకి పెద్దోనికి. తూటాల పెట్టె సిన్నోనికి. పందొస్తే ఇద్దురూ కలిసి పోండి" అని చెప్పి లోపలికి పోయింది. దానికి చట్టం ఒప్పుకుంటుందా అని ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఇంత తెలివితక్కువ పంపకం ఎక్కడా చూడలేదని పెద్దమనుషులు నవ్వుకుంటూ పోయారు. వాళ్ళు నవ్వడంలో తప్పూ లేదు. అన్న వచ్చి తమ్ముణ్ణి లేపి, తమ్ముడు లేచి తాళం తీసేసరికి పందులు మేసి మూతి తుడుచుకుని పోయేవి.

పొలాలు పంచుకున్నా బోరు మాత్రం ఉమ్మడిదే. ఒక ఏడు వేరుశెనగ చేను ఊడలు దిగి కాయ పట్టే సమయానికి వాన మొహం చాటేసింది. ఆ రోజు నీళ్ళ వంతు గిడ్డన్నది. మధ్యాహ్నం పోయి చూస్తే తన చేను వాడిపోయి తలవాల్చింది, తమ్ముడి చేలో కాలువ గలగలా పారుతోంది. గిడ్డన్న ఇంటికి వచ్చి, గోడకున్న తుపాకి తీసుకుని వీధిలో పడ్డాడు.

"పందొచ్చిందా అన్నా?" అని అరుగు మీదినుంచి ఎవరో అడిగారు.

"వచ్చింది. రెండు కాళ్ళది" అంటూ సాగిపోయాడు.

తమ్ముడి ఇంట్లో మరదలు సుంకులమ్మ సంగటి గెలుకుతోంది. గిన్నెను కాళ్ళతో అదిమిపెట్టి రెండు చేతులా తెడ్డు తిప్పుతున్నప్పుడు దేవుడొచ్చినా లేవడానికి లేదు, ఉండలు కడుతుంది.

"ఏం బావా, ఎండన పడి వచ్చినావు?"

"ఒగ తూటా ఇయ్యమ్మా."

"పంది యాడ?"

గిడ్డన్నకు కోపం ఉంది గాని అబద్ధం చేతకాదు. "పంది గాదు. నీ మొగుణ్ణి కాల్చల్ల" అన్నాడు.

సుంకులమ్మ తెడ్డు ఆపలేదు. "పెట్టె తాళం ఆయప్ప మొలతాటికుంది బావా. మోటారు కాడుండాడు. పోయి అడిగి తెచ్చుకో" అంది.

గిడ్డన్న అరుగు మీద కూర్చున్నాడు. కాల్చడానికి సిద్ధపడ్డాడు గాని, అడగడానికి సిద్ధపడి రాలేదు. ఏమని అడగాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు మూడు విధాల మనసులో అనుకుని చూశాడు, ఏదీ బాగాలేదు. ఈలోగా మరదలు సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చి ముందు పెట్టింది. పెట్టిన కూడు కాలదన్నితే అన్నపూర్ణకు అపచారం కదా, తినసాగాడు.

సగం ముద్ద అయ్యేసరికి ఎర్రిస్వామి వచ్చాడు. గోడకు ఆనించిన తుపాకి చూసి, "పందొచ్చిందా అన్నా?" అన్నాడు.

"నిన్ను కాల్చేకి తాళం కావాలంట" అంది సుంకులమ్మ లోపలినుంచి.

ఎర్రిస్వామి చెయ్యి గబుక్కున మొలతాటి మీదికి పోయింది. "ఇయ్యను" అన్నాడు.

గిడ్డన్న నోట్లో ముద్ద మింగాడు. "తాళం ఇయ్యకపోతే పాయె. నీళ్ళన్నా ఇడువురా నా కొడకా!" అన్నాడు. అంటూనే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ పొద్దు వాలేదాకా తిట్టుకున్నారు. వాళ్ళ తాతల సంగతులన్నీ ఆ రోజు ఊరందరికీ తెలిశాయి. నీళ్ళు మాత్రం చీకటి పడకముందే అన్న చేలోకి మళ్ళాయి.

గురువుగారు ఆగారు. సుబేదారు గడ్డం గోక్కున్నాడు. "మరి పందులు, స్వామీ? ఈ లెక్కన చేను మొత్తం మేసిపోవూ?"

"మేశాయి నాయనా. ఆ ఏడు బాగా మేశాయి."

మేష్టారి ముఖం వెలిగిపోయింది. "అయితే తుపాకి వద్దని తేలినట్టే కదా?"

"గిడ్డన్న ఇంటి గోడకు అది ఇంకా వేలాడుతూనే ఉంది" అన్నారు గురువుగారు.

ఇద్దరూ నావంక చూశారు, నేనేదో తేలుస్తానన్నట్టు. గురువుగారు లేచి పైపంచె దులుపుకున్నారు.

"గిడ్డన్న ఇంటినుంచి ఎర్రిస్వామి ఇంటికి దూరం ఎంతో నేనెప్పుడూ కొలవలేదు. ఆ రోజుకి సరిపోయింది."